తడబడు మౌసు

కంప్యూటరు తెరపై బాణపు గుర్తు కదలాడుచుండుట విద్యార్థులందరు చూచినదే. బల్లపై నున్న మౌసును కుడికి జరిపినచో బాణము కుడికి పోవును. ముందుకు త్రోసినచో పైకి పోవును. ఇది యెంత అలవాటైన విషయ మనగా, చేయి ఒకచోట, బాణము వేరొకచోట ఉన్నవన్న మాటయే మనకు తోచదు. బాణము తడబడిన నాడే ఆ సంగతి గుర్తునకు వచ్చును. ఉన్నచోటనే వణకుట, జరిపినంత దూరము పోకుండుట, ఒక్క గంతున తెర మూలకు దూకుట, చేయి ఆగిన కొంతసేపటికి గాని తాను ఆగకుండుట - ఇవన్నియు మౌసునకు కలుగు జాడ్యములే. వీనికి సాధారణముగా మనము చేయు వైద్యము దానిని బల్లపై రెండుమారులు తట్టుట. అప్పటికిని కుదురుకొననిచో పారవేసి క్రొత్తది కొనుట.

నిజమునకు ఇవి ఒకే జబ్బు యొక్క పలు రూపములు కావు. ఒక్కొక్క తడబాటునకు వేరువేరు పుట్టుకలు కలవు. మౌసు యొక్క అరువదియేండ్ల చరిత్రను పరిశీలించినచో ఒక చిత్రము కనబడును. ప్రతి క్రొత్త నమూనాయు పాత నమూనా తడబాటును మాన్పుటకు పుట్టినదే. కాని పుట్టునపుడు తన తడబాటును తాను వెంట తెచ్చుకొన్నది. ఆ వరుస తెలిసినవాడు బాణము నడకను చూచియే లోపమెచ్చట నున్నదో చాలవరకు ఊహింపగలడు.

రెండు చక్రములు

1960వ దశకము ఆరంభమున కంప్యూటరుతో మాటలాడుట యనగా చాలచోట్ల అట్టముక్కలకు రంధ్రములు పొడిచి యంత్రమునకు తినిపించుటయే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెన్లో పార్కు అను ఊరిలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కలదు. అచట పనిచేయు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను ఇంజనీరు (1925-2013) మనిషి తెర యెదుట కూర్చుండి అక్షరములను వ్రేలితో చూపినట్లు చూపి మార్చుకొనగల యంత్రమును కోరెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళములో రాడారు పని నేర్చిన వాడగుటచే తెరపై బొమ్మలు కదలించుట అసాధ్యము కాదని అతనికి తెలియును. అయితే చూపుట దేనితో? తెరకు ఆనించి పట్టు లైటు పెన్ను ఉన్నది గాని, గంటసేపు చేయి ఎత్తి పట్టుకొన్నచో భుజము నొప్పి పుట్టును.

ఎంగెల్‌బార్టునకు ఆలోచన దొరకినది ఒక పాత కొలత పరికరమునుండి. పటముపై నున్న ఎగుడు దిగుడు హద్దుల వైశాల్యమును కనుగొనుటకు సర్వేయర్లు వాడు ప్లానీమీటరు అనునది యొకటి కలదు. స్విట్జర్లాండు గణితజ్ఞుడు జేకబ్ ఆంస్లర్ దానిని 1854లో సులభమైన రూపమునకు తెచ్చెను. అందు చిన్న చక్రమొకటి ఉండును. చక్రమును దాని దారి వెంట త్రోసినచో దొర్లును. ఇరుసు దిశగా ప్రక్కకు లాగినచో దొర్లక జారును. ఏటవాలుగా లాగినచో కొంత దొర్లి కొంత జారును. అనగా ఏ చలనమునుండియైనను తన దిశకు చెందిన అంశను మాత్రమే అది ఏరుకొనును. బలములను లంబాంశలుగా విడదీయుటను పదవ తరగతి దాటిన విద్యార్థి కాగితముపై గీసి చూపును. ఈ చక్రము ఆ పనిని లెక్క వేయకయే చేయుచున్నది. అట్టి చక్రములు రెండింటిని ఒకదాని కొకటి లంబముగా అమర్చినచో ఒకటి అడ్డపు కదలికను, రెండవది నిలువు కదలికను చెప్పును.

ఎంగెల్‌బార్టు సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో దీనిని తయారు చేసెను. అది అరచేతిలో ఇముడు కర్రపెట్టె. అడుగున రెండు చక్రములు, పైన ఒక మీట. చక్రములు తిరిగినపుడు పొటెన్షియోమీటర్లు తిరిగి వోల్టేజి మారును. ఆ వోల్టేజిని కంప్యూటరు అంకెగా మార్చుకొనును. మౌసు అను పేరు ఎట్లు వచ్చినదో ఎంగెల్‌బార్టుకే తెలియదు. అట్లు మొదలైనది, మరి మార్చలేదని అతడే చెప్పెను. తోకవలె తీగె ఉన్నది గదా! మొదటి నమూనాలో ఆ తోక వెనుకకు, అనగా చేతి మణికట్టు వైపునకు ఉండెను; అడ్డు వచ్చుచున్నదని తరువాత ముందుకు మార్చిరి.

కనుగొనుటతోనే వీరు తృప్తిపడక, లైటు పెన్ను, జాయ్‌స్టిక్కు మొదలగువానితో దీనిని పోల్చి పరీక్షించిరి. బల్ల క్రింద మోకాలితో నడుపు పరికరమును గూడ తయారుచేసి పోటీలో నిలిపిరి. తెరపై అక్షరమును గురిచూచి పట్టుటకు ఎంత కాలము పట్టినది, ఎన్ని తప్పులు వచ్చినవి అని లెక్కించిరి. 1967లో ప్రకటించిన ఫలితములలో అలవాటైనవారి చేతిలో మౌసే మేలుగా తేలినది. తడబాటును ఊహతో గాక కొలతతో తేల్చిన ఈ పని, నా దృష్టిలో, మౌసును కల్పించుటకంటె తక్కువది కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో లోకము మౌసును చూచెను. 1970 నవంబరు 17న దానికి 3541541 సంఖ్యగల అమెరికా పేటెంటు వచ్చెను.

ఈ చక్రముల మౌసునకు పుట్టుకతో వచ్చిన లోపము దాని సూత్రములోనే కలదు. ఒక చక్రము దొర్లునపుడు రెండవది జారవలెను. అనగా ఘర్షణ చాలినంత ఉండవలెను, ఎక్కువ కాకూడదు. నున్నని బల్లపై దొర్లవలసిన చక్రము జారును. గరుకు బల్లపై జారవలసినది పట్టుకొని ఎగిరిపడును. పైగా పొటెన్షియోమీటరులోని స్పర్శ అరిగినను, ధూళి చేరినను వోల్టేజి నిలకడ తప్పును. చేయి కదలకున్నను బాణము వణకును. కాని ఈ లోపములోనే ఒక సౌకర్యము గూడ ఉన్నది. మౌసును కొంచెము వంచి ఒక్క చక్రముపైననే నడిపినచో తెరపై గీత తప్పక తిన్నగా వచ్చును.

బంతి వచ్చుట

చక్రములకు బదులు బంతి ఉన్నచో ఏ దిశకైనను జారక దొర్లును గదా అను ఆలోచన ఒక్క చోటనే పుట్టలేదు. బ్రిటిషు నౌకాదళమున రాల్ఫ్ బెంజమిన్ 1946లోనే రాడారు తెరకై చేతితో త్రిప్పు బంతిని ఊహించెను. యుద్ధ రహస్యమగుటచే అది బయటికి రాలేదు. 1952లో కెనడా నౌకాదళమునకై చేసిన యంత్రములో అచటి బౌలింగు ఆట బంతినే వాడిరి. అట్టి బంతిని తలక్రిందులు చేసి బల్లపై దొర్లించినది జర్మనీ దేశపు టెలిఫుంకెన్ సంస్థ. ఎంగెల్‌బార్టు సభకు రెండు నెలల ముందు, 1968 అక్టోబరు 2న, ఆ సంస్థ తన రోల్‌కూగెల్‌ను ప్రకటించెను. ఇరువురును ఒకరి పనిని ఒకరు ఎరుగరు.

కాలిఫోర్నియాలో బంతి మౌసు జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో, అచటికి చేరిన బిల్ ఇంగ్లీష్ చేతిలో, 1970వ దశకము ఆరంభమున రూపొందినది. అది మంచిదే గాని ఖరీదు. ఏపిల్ కంపెనీ తన లీసా కంప్యూటరునకు మౌసు కావలెనని కోరినపుడు ఆ పనికి పూనుకొన్న డీన్ హోవీ తరువాత చెప్పిన ప్రకారము, స్టీవ్ జాబ్స్ విధించిన షరతులివి: జిరాక్సువారి మౌసు చేయుటకు 300 డాలర్లగును, రెండు వారములలో చెడును, మనది 15 డాలర్లలోపు కావలెను, రెండేండ్లైనను చెడరాదు, బల్లపైనను తొడుగుకొన్న జీన్సు గుడ్డపైనను నడువవలెను. హోవీ అంగడికి పోయి చంకలకు పూసికొను సుగంధద్రవ్యపు సీసాలు కొని, వానిలోని ప్లాస్టిక్ బంతిని ఊడబెరికి, వెన్న పెట్టుకొను గిన్నెను మూతగా పెట్టి మొదటి నమూనా చేసెను. అతని సహచరులు బంతిని గట్టిగా నొక్కి పట్టుట మాని వదులుగా తేలియాడనిచ్చిరి. ధూళి చేరక తప్పదని గ్రహించి, బంతిని బయటికి తీసి తుడుచుటకు వీలుగా అడుగున ఊడదీయదగిన కట్టు పెట్టిరి. లీసా 1983లోను, మెకింటాష్ 1984లోను వెలువడెను. లోపము రాకుండ చేయలేమని ఒప్పుకొని, వచ్చినపుడు ఎవరైనను బాగుచేసికొనునట్లు చేసిన ఆ కట్టే నాకు ఈ చరిత్రలో మిక్కిలి తెలివైన పనిగా తోచును. దానికి తగిన ఫలమును బడిపిల్లలు ఇచ్చిరి. ఊడివచ్చు బంతి గోలీవలె జేబులోనికి చేరుచుండుట ఆనాటి కంప్యూటరు గదులకు కాపున్న ఉపాధ్యాయులకు తెలిసిన విషయమే.

బంతి మౌసు ఎట్లు తడబడునో కొంచెము నిదానముగా చూతము. ఏలనన ఇందు మంచి లెక్క యొకటి ఉన్నది. బంతి దొర్లి రెండు చిన్న దండములను త్రిప్పును. అవి ఒకదాని కొకటి లంబముగా నుండును. బంతి పెద్దదైనను చిన్నదైనను బాణము పోవు దూరము మారదు. బల్ల ఒక సెంటిమీటరు జరిగినచో బంతి అంచు ఒక సెంటిమీటరు జరుగును, దండము అంచును అంతే జరుగును. బంతి వ్యాసము లెక్కలోనికే రాదు. వచ్చునది దండము వ్యాసము. దండము వ్యాసము 4 మిల్లీమీటర్లనుకొందము. బల్లపై నున్న నూలుపోగులు, చేతిజిడ్డు బంతి మోసికొనివచ్చి దండము నడుమ పట్టెవలె చుట్టును. ఆ మట్టిపొర మందము పావు మిల్లీమీటరైనచో వ్యాసము 4.5 మిల్లీమీటర్లగును. అదే దూరమునకు దండము ఇప్పుడు తొమ్మిదింట ఎనిమిది వంతులే తిరుగును. బాణము నూటికి పదునొకండు వంతులు వెనుకబడును. ఒక దండమునకే మట్టి పట్టి రెండవది శుభ్రముగా నున్నచో, చేతితో వృత్తము గీసినను తెరపై దీర్ఘవృత్తము వచ్చును. మట్టి ఒకచోట గడ్డకట్టినచో దండము తిరిగిన ప్రతిసారియు ఒక కుదుపు కలుగును. బాణము లయ తప్పక కుంటుచున్నదన్నచో కారణమిదే. గుడ్డతో బంతిని ఎంత రుద్ది తుడిచినను ప్రయోజనము లేదు, తుడువవలసినది దండమును.

దండము చివర చీలికలు గల చిన్న చక్రముండును. ఒక ప్రక్క దీపము, మరియొక ప్రక్క కాంతిని గుర్తించు కన్నులు రెండు. ఒక్క కన్నున్నచో ఎన్ని చీలికలు దాటినవో తెలియును గాని ఏ వైపునకు దాటినవో తెలియదు. అందుచే రెండవ కంటిని చీలిక వరుసలో పావువంతు ఎడముగా అమర్చిరి. చక్రము ఒక వైపునకు తిరిగినచో మొదటి కన్ను ముందు వెలుగు చూచును, తరువాత రెండును, తరువాత రెండవది మాత్రమే, పిదప రెండును చీకటి. ఎదురు వైపునకు తిరిగినచో ఈ వరుస తలక్రిందగును. ఇప్పుడు రెండవ కంటికి నలుసు అడ్డుపడినదనుకొందము. మొదటి కన్ను వెలుగు చూచును, చీకటి చూచును, మరల వెలుగు చూచును. కంప్యూటరునకు ఇది ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనుకకు అని తోచును. చేయి ఎంత దూరము జరిపినను బాణము ఒకచోటనే గజగజ వణకును. ఈ లక్షణమును చూచినవారు దండమును తుడుచుచు కాలము గడపక కన్నుపై నలుసును ఊదివేయవలెను.

బల్లను చూచు కన్ను

ధూళికి మూలము కదలు భాగములే కావున వానిని పూర్తిగా తీసివేయుట మేలని 1980లో ఇరువురు, ఒకరికొకరు సంబంధము లేకయే, కాంతి మౌసులు చేసిరి. జిరాక్సులో రిచర్డ్ లయన్ చుక్కల కాగితమును చూచు చిప్పును రచించెను. మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో స్టీవ్ కిర్ష్ గీతలు గల లోహపు పలకపై నడుచు మౌసును చేసెను. కిర్ష్ పలకపై అడ్డగీతలు ఒక రంగు, నిలువుగీతలు మరియొక రంగు. రెండు విధముల కాంతితో రెండింటిని వేరుగా చూచును. ధూళి జబ్బు పోయినది గాని, పలక లేనిదే మౌసు లేదు. పలకను అడ్డముగా తిప్పి పెట్టినచో బాణము దారి తప్పును.

ఇరువదియేండ్ల వరకు బంతి మౌసే సామాన్యుల బల్లపై నిలిచినది. హ్యూలెట్ పాకార్డ్ పరిశోధనశాలకు చెందిన గారీ గోర్డన్, డెరెక్ నీ, రాజీవ్ బాద్యాల్, జేసన్ హార్ట్‌లవ్ అనువారు గీతలు లేని మామూలు బల్లనే చూడగల చిప్పును సాధించిరి. 1999లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దానితో మౌసులను విడుదల చేసెను. అందులో సన్నని ఎఱ్ఱదీపము బల్లపై ఏటవాలుగా వెలుగును. సాయంకాలపు ఎండలో పొలముగట్ల నీడలు పొడవుగా సాగినట్లు, ఆ వెలుగులో కాగితపు నార గరుకు గూడ నీడలు వేయును. చిన్న కెమెరా సెకండుకు 1500 సార్లు ఆ నీడల బొమ్మ తీయును. వెనుకటి బొమ్మను ఎటు ఎంత జరిపినచో క్రొత్త బొమ్మతో సరిపోవునో చూచి అదే చేయి కదలిక యని తేల్చును.

చేయి సెకండుకు 30 సెంటిమీటర్ల వేగముతో కదలినచో రెండు బొమ్మల నడుమ జరుగు దూరము మిల్లీమీటరులో అయిదవ వంతు. కెమెరా చూచు చోటు ఒక మిల్లీమీటరు చదరమనుకొన్నచో అయిదింట నాలుగు వంతులు రెండు బొమ్మలలోను ఉమ్మడిగా నుండును, పోల్చుట తేలిక. వేగము అయిదింతలైనచో ఉమ్మడి భాగమే యుండదు, చిప్పు ఊహింపవలసినదే. ఆటలలో చేతిని విసరువారి బాణము ఎటో పోవుటకు ఇది కారణము. తరువాతి చిప్పులు సెకండుకు మరెన్నో బొమ్మలు తీసి ఈ ఇబ్బందిని చాలవరకు తొలగించినవి.

అద్దముపై నీడలే పడవు. అచట కన్ను గ్రుడ్డిదగును. అచ్చుబొమ్మలలో సన్నని చుక్కల వరుసలుండును. ఒక చుక్క దూరము జరిగినను బొమ్మ అట్లే కనబడును గాన చిప్పు మోసపోవును. ఇక అడుగున నున్న రంధ్రములో వెంట్రుక ముక్క ఇరుకుకొన్నచో అది మౌసుతోపాటే కదలుచు, కెమెరాకు ఎప్పుడును ఉన్నచోటనే కనబడును. బల్ల కదలినదనును, వెంట్రుక కదలలేదనును. ఈ తగవులో బాణము వణకును, లేదా చేయి తీసిన తరువాత గూడ మెల్లగా ప్రాకును. మౌసును పారవేయుటకు ముందు తలక్రిందులు చేసి ఆ రంధ్రమును చూచి, తెల్లకాగితముపై నొకమారు నడిపిచూచుట మంచిది. కాగితముపై సరిగా నడచినచో జబ్బు బల్లదే. 2004లో వచ్చిన లేజరు మౌసు నున్నని బల్లలను గూడ చూడగలిగెను. 2009లో లాజిటెక్ కంపెనీ వేరొక వెలుగు పద్ధతితో 4 మిల్లీమీటర్ల మందమైన గాజుపై నడుచు మౌసును తెచ్చెను.

తోక తెగిన మౌసు

కదలికను సరిగా కొలిచినంత మాత్రమున చాలదు. ఆ వార్త కంప్యూటరునకు చేరవలెను. 1980వ దశకపు మౌసులు ఒక్కొక్క వార్తను మూడు ముక్కలుగా, సెకండుకు సుమారు 40 వార్తలు మాత్రమే పంపెడివి. 1987లో ఐ.బి.ఎం. ప్రవేశపెట్టిన పి.ఎస్. 2 పద్ధతిలో సెకండుకు 100 వార్తలు వచ్చెడివి. అందును వార్తకు మూడు ముక్కలే. ఒక ముక్క దారిలో పోయినచో కంప్యూటరు మిగిలినవానిని తప్పు వరుసలో చదువును; దూరమును మీట నొక్కుటగా, మీటను దూరముగా భావించును. అపుడు బాణము మూలకు దూకి, ఎవరును నొక్కకయే ఫైళ్ళు తెరచుట మొదలుపెట్టును. దయ్యము పట్టినట్లుండు ఈ ప్రవర్తనకు వదులైన తీగె గాని, రెండు కంప్యూటర్లను ఒక మౌసుతో నడుపు స్విచ్చి గాని తరచు కారణమగుచుండెను. 1996లో వచ్చిన యు.ఎస్.బి. పద్ధతిలో సామాన్య మౌసును కంప్యూటరు సెకండుకు 125 మారులు పలుకరించును.

బాణము ఆలస్యముగా కదలుట వేరు జబ్బు. యంత్రము మరియొక పనిలో మునిగియున్నపుడు గూడ బాణము కదలి, మీట నొక్కినచో మాత్రము జవాబు రాకుండుట చాల కంప్యూటర్లలో చూతుము. అట్టిచోట మౌసును అనుమానింప నక్కరలేదు. అట్లే చేతిని వేగముగా జరిపినపుడు బాణము ఎక్కువ దూరము పోవుట లోపము కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ మొదలు అది కోరి పెట్టిన ఏర్పాటు, అమరికలలో తీసివేయవచ్చును. 10 సెంటిమీటర్లు మెల్లగా ఒకమారు, వేగముగా ఒకమారు జరిపి చూచినచో తేడా తెలియును.

ఎంగెల్‌బార్టు పేటెంటు సంస్థ పేరనే ఉండెను. ఏపిల్‌కు దానిని సుమారు 40,000 డాలర్లకే ఇచ్చిరని తరువాత తనకు తెలిసినదని అతడు చెప్పెను. 1987లో దాని గడువు తీరినది. అప్పటికే అందరి మౌసులలోను చక్రములకు బదులు బంతులున్నవి. రాయల్టీ రూపమున అతనికి ఏమియు దక్కలేదు. 1997లో అతనికి 5 లక్షల డాలర్ల లెమెల్సన్ బహుమానము వచ్చినది.

1991లో లాజిటెక్ రేడియో మౌసును తెచ్చినప్పటి నుండి తోక తెగుట ఆరంభమైనది. నేటి తీగెలేని మౌసులలో చాల భాగము 2.4 గిగాహెర్ట్జు పౌనఃపున్యము దరిదాపున పలుకును. వైఫై అచటనే, బ్లూటూత్ అచటనే, వంటింటి మైక్రోవేవు పొయ్యియు అచటనే. బ్యాటరీ నీరసించినచో ఆ పలుకు మరింత సన్నగిలును. వీనికంటె చిత్రమైన శత్రువు కంప్యూటరులోనే కలదు. యు.ఎస్.బి. 3 తీగెలు సెకండుకు 500 కోట్ల బిట్లు పంపునపుడు ఆ పౌనఃపున్యముల చుట్టును రేడియో రొద పుట్టించునని 2012లో ఇంటెల్ సంస్థ కొలతలతో చూపెను. హార్డుడిస్కును యు.ఎస్.బి. 3 రంధ్రమున గ్రుచ్చి, దాని ప్రక్క రంధ్రముననే మౌసు రిసీవరును గ్రుచ్చినచో, డిస్కు పనిచేయుచున్నంతసేపు బాణము ఆగి ఆగి గెంతును. డిస్కును తీసినంతనే కుదురుకొనును. రిసీవరును దూరపు రంధ్రమునకు మార్చినను, లేదా మూరెడు పొడుగు తీగె నొకటి మధ్య పెట్టి దానిని మౌసు దగ్గరకు తెచ్చినను చాలును.